పలవరిస్తే పిచ్చి కాదు, పలక్కపోతే విశ్రాంతీ కాదు
పక్షవాతం తర్వాత వచ్చే సంధి: అపోహలు – వాస్తవాలు

పక్షవాతంతో ఆస్పత్రిలో చేరిన పెద్దాయన రెండో రోజుకు తేరుకుంటాడు. కొడుకును గుర్తుపట్టి మాట్లాడతాడు. ఆ రాత్రే ఉన్నట్టుండి "మంచం కింద ఎవరో ఉన్నారు, నన్ను పొలానికి పోనివ్వండి" అంటూ సెలైన్ సూది పీకేస్తాడు. తెల్లారేసరికి బాగానే ఉంటాడు, మధ్యాహ్నానికి మళ్ళీ పలవరిస్తాడు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు, మన ఇళ్ళలో సంధి అంటారు. పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. ఇంత తరచుగా వచ్చేదాని గురించి కూడా వార్డు బయట బెంచీల మీద వినిపించే మాటల్లో సగం తప్పులే.

అపోహ: పిచ్చెక్కింది. లేదంటే గాలి సోకింది.

వాస్తవం: పిచ్చీ కాదు, గాలీ కాదు. పక్షవాతంతో ఇప్పటికే నీరసించిన మెదడు మీద శరీరంలోని ఇంకో ఇబ్బంది వచ్చి పడితే సంధి పుడుతుంది. ఆ ఇబ్బంది న్యుమోనియా కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. రక్తంలో సోడియం పడిపోవడం, షుగర్ పెరగడం లేదా తగ్గడం, ఆక్సిజన్ చాలకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం కూడా కారణాలే. నాలుగు రోజులుగా విరేచనం కాకపోయినా, మూత్రం ఆగిపోయినా, చెప్పుకోలేని నొప్పి ఉన్నా, పెద్ద వయసువాళ్ళలో అదొక్కటే చాలు. తాయెత్తు కట్టడం వల్ల హాని లేదనుకుంటారు గానీ, కట్టాక మనసు కుదుటపడి నర్సుకు చెప్పడం మానేస్తారు. హాని అక్కడే ఉంది.

అపోహ: అరవడం లేదు, పీకడం లేదు, హాయిగా నిద్రపోతున్నాడు. కోలుకుంటున్నట్టే.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. సంధి అనగానే అందరికీ కేకలు, పెనుగులాట గుర్తొస్తాయి. కానీ చడీచప్పుడు లేని సంధి కూడా ఉంది. పెద్దవాళ్ళలో అది తక్కువేమీ కాదు. మనిషి మగతగా పడి ఉంటాడు. పిలిస్తే కళ్ళు తెరిచి, ఒక ముక్క చెప్పి మళ్ళీ మూస్తాడు. నోట్లో పెట్టిన ముద్ద నమలడం మరిచిపోతాడు. అరిచే రోగి దగ్గరికి అందరూ పరుగెత్తుతారు. ఇతన్ని మాత్రం "డిస్టర్బ్ చేయకండి, పడుకోనివ్వండి" అని వదిలేస్తారు. ఈ రకాన్ని కనిపెట్టడం ఆలస్యమవుతుంది కాబట్టే నష్టమూ ఎక్కువ.

తేడా తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. సంధిలో ముందుగా దెబ్బతినేది ధ్యాస. శనివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి. నిన్నటిదాకా తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి ఇవాళ రెండు పేర్లకే దారి తప్పుతుంటే డాక్టరుకు చెప్పాల్సిందే. ఆస్పత్రుల్లో వాడే 4ఏటీ అనే చిన్న పరీక్షా ఇలాంటిదే: మెలకువ ఎలా ఉంది, వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, సంవత్సరం చెప్పగలడా, నెలల పేర్లు వెనక్కి చెప్పగలడా, మార్పు హఠాత్తుగా వచ్చిందా. చివరి ప్రశ్నకు జవాబు డ్యూటీ డాక్టరు దగ్గర ఉండదు, పక్కన కూర్చున్న మీ దగ్గరే ఉంటుంది. "మా నాన్న నిన్న ఇలా లేడు" అన్న మాటను స్కానింగ్ రిపోర్టుతో సమానంగా చూడాలని నా అభిప్రాయం.

ఉన్నట్టుండి మగత కమ్మడం, కొత్తగా చెయ్యి పడిపోవడం, మాట ముద్దవడం కనిపిస్తే అది సంధే కాకపోవచ్చు. మెదడులో వాపు, రక్తస్రావం, పైకి కనబడని ఫిట్స్ కూడా ఇలాగే మొదలవుతాయి. ఉదయం రౌండ్స్ దాకా ఆగకండి. మగతలో ఉన్న మనిషికి చెంచాతో కాఫీ, కొబ్బరినీళ్ళు పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, దాంతో సంధి ఇంకా ముదురుతుంది.

అపోహ: మాట పొంతన లేకపోతే సంధే.

వాస్తవం: ఎడమవైపు మెదడు దెబ్బతిన్న కొందరు గలగలా మాట్లాడతారు, కానీ ఆ మాటలకు అర్థం ఉండదు. అది అఫేసియా. ధ్యాస బాగానే ఉంటుంది, భాష ఒక్కటే పోతుంది. కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపున ఏముందో పట్టదు, తమ ఎడమ చెయ్యి తమది కాదంటారు. ఇదీ పక్షవాతం లక్షణమే. సంధి వస్తూ పోతూ ఉంటుంది, ఇవి గంట గంటకూ మారవు. రెండూ కలిసి ఉండే రోగులూ ఉంటారు, అప్పుడు డాక్టర్లకే కష్టం.

అపోహ: చేతులు కట్టేసి, నిద్రకు ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: కట్టేస్తే భయం పెరుగుతుంది, పెనుగులాట పెరుగుతుంది. నిద్రమాత్రల్లో చాలావాటికి సంధిని పొడిగించే గుణం ఉంది. హాలోపెరిడాల్ లాంటి మందులు రోగి తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో కొద్ది మోతాదులో పనికొస్తాయి, అంతే. ఐసీయూ రోగులపై జరిపి 2018లో ప్రచురించిన మైండ్-యూఎస్ఏ పరీక్షలో హాలోపెరిడాల్ సంధి రోజులను తగ్గించలేదు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకూ నొప్పులకూ రాసే అమిట్రిప్టిలిన్ కూడా సంధిని రేపగలవు. ఇంట్లో వాడే మాత్రలన్నీ సంచీతో సహా డాక్టరుకు చూపించండి.

నిద్రమందే అసలు మందయ్యే సందర్భం ఒకటుంది. రోజూ తాగే మనిషి ఆస్పత్రిలో చేరగానే మందు ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో చెమటలు, వణుకు, కంటికి పురుగులు కనబడటం మొదలవుతాయి. దీనికి లోరాజెపామ్ వంటి మందులు, విటమిన్ బీ1 అవసరం, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. పరువు పోతుందని బంధువులు దాచేది సరిగ్గా ఈ సంగతినే. డాక్టరు చెవిలోనైనా చెప్పండి.

అపోహ: మందు లేదంటే చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: కారణం వెతికి సరిచేయడమే చికిత్స, మిగతాది పక్కన ఉండేవాళ్ళ పని. అమెరికాలోని యేల్‌లో షారన్ ఇనూయె బృందం 70 ఏళ్ళు దాటిన ఇన్‌పేషెంట్లకు గోరువెచ్చని పాలు, వీపు మర్దన, కళ్ళద్దాలు, చెవి మిషను, తగినన్ని నీళ్ళు, రోజూ కాస్త నడక, కబుర్లు అందేలా చూసింది. 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మామూలు వార్డుల్లో 15 శాతం మందికి వచ్చిన సంధి వీళ్ళలో 9.9 శాతానికే వచ్చింది. వాళ్ళందరూ పక్షవాతం రోగులు కారు, నడిపించే ముందు ఫిజియోథెరపిస్టును అడగాల్సిందే. మిగతావి మన వార్డుల్లోనూ సాధ్యమే. పగలు కిటికీ తెరవండి, రాత్రి లైట్లు తగ్గించండి, ఫోను చప్పుడు ఆపండి. పదిమంది కాకుండా తెలిసిన మొహం ఒకటే పక్కన ఉండనివ్వండి. "అన్నంలో విషం కలిపారు" అంటే వాదించకండి, ఔననీ అనకండి. "నేనిక్కడే ఉన్నాను" అని మాట మళ్ళించండి.

అపోహ: ఇంటికి తీసుకుపోతే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో కారణమైతే ఇంట్లోనూ అదే ఉంటుంది, చూసే డాక్టరు మాత్రం ఉండడు. చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. సంధి వచ్చినవాళ్ళలో తర్వాత మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి కొన్ని నెలల తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలి. డిశ్చార్జి కాగితంలో సంధి వచ్చిన సంగతి రాయించుకోండి. రేపు తుంటి ఎముకకో కంటికో ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ముందుగా తెలుసుకోవాల్సిన విషయాల్లో అదొకటి.