గాలిలో తేలే రైలుకు కరెంటు ఖర్చు నిజంగా తక్కువా?



సైన్స్ ఎగ్జిబిషన్ వస్తోందంటే మాగ్లెవ్ రైలు మోడల్ తప్పకుండా కనిపిస్తుంది. పక్కన చార్టు మీద ‘రాపిడి లేదు కాబట్టి కరెంటు ఖర్చు తక్కువ’ అని రాసి ఉంటుంది. అది సగం నిజమే.

ముందు ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయించండి. రెండు రింగు అయస్కాంతాలను ఒకే ధ్రువాలు ఎదురెదురుగా ఉండేలా పెన్సిల్‌కు తొడిగితే, పైది గాలిలో తేలుతుంది. ఇప్పుడు పెన్సిల్ లాగేయండి. పైది పక్కకు జారి, తిరగబడి, టప్పున కిందిదానికి అతుక్కుంటుంది. మామూలు అయస్కాంతాల బలంతోనే ఒక వస్తువును గాలిలో స్థిరంగా నిలపలేమని ఎర్న్‌షా అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1842లోనే లెక్కకట్టి చూపాడు. మరి రైలుకు ఆ పెన్సిల్ పని ఎవరు చేయాలి?

షాంఘైలో సెన్సర్లు చేస్తాయి. రైలుకూ ట్రాక్‌కూ మధ్య ఖాళీ సుమారు ఒక సెంటీమీటరే. అది మారకుండా విద్యుదయస్కాంతాలకు వెళ్లే కరెంటును క్షణక్షణం సరిచేస్తుంటాయి. ఆ 30 కిలోమీటర్ల లైను మీద రైలు గంటకు 431 కి.మీ. వేగం అందుకునేలా కట్టారు. జపాన్ వాళ్లు మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిచిన సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలు వాడతారు. ఆ రైలు మొదట రబ్బరు చక్రాల మీదే పరుగెత్తుతుంది, వేగం పుంజుకున్నాకే 10 సెంటీమీటర్ల ఎత్తున తేలుతుంది. 2015 ఏప్రిల్‌లో అది 603 కి.మీ. వేగం చేరింది.

చక్రాల రాపిడి పోయింది సరే, ఎదురుగాలి పోలేదు కదా. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అందుకే 500 వేగంలో మాగ్లెవ్ మామూలు బుల్లెట్ రైలు కన్నా ఎక్కువ కరెంటే తాగుతుంది. విమానంతో పోలిస్తేనే పొదుపు.

ఆ గాలినే తీసేస్తే? అదే హైపర్‌లూప్. 2017లో విజయవాడ–అమరావతి మధ్య దానికోసం ఆంధ్రప్రదేశ్‌లో ఒప్పందం కుదిరింది. 2020లో బీహెచ్ఈఎల్ మాగ్లెవ్ రైళ్ల కోసం స్విస్ సంస్థతో మరో ఒప్పందం చేసుకుంది. మన దగ్గర ఒక్క కిలోమీటరు లైను కూడా పడలేదు. ఐఐటీ మద్రాస్‌లో మాత్రం 422 మీటర్ల ప్రయోగ గొట్టం ఉంది. మన పిల్లల్లో ఇంజనీరింగ్ ఆశ ఉన్నవాళ్లకు అది చూపించదగ్గది.

ఇక మన సంగతి. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరిలో మొదలైనప్పుడు దాదాపు 700 కి.మీ. దూరానికి ఎనిమిదిన్నర గంటలు పెట్టారు. సగటు గంటకు 82 కి.మీ. ఆ రైలు 160కి పైగా వెళ్లగలదు! అడ్డు రైలు కాదు, ట్రాకూ మలుపులూ ముందు వెళ్లే ఇతర రైళ్లూ. మాగ్లెవ్‌కైతే పాత పట్టాలు పనికిరావు, మొత్తం దారి కొత్తగా కట్టాలి. నా మటుకు ముందు ఈ 82ను 130 చేయడమే మేలనిపిస్తుంది.

ఈసారి మీ పిల్లలు ఆ మోడల్ చేస్తే, చార్టు మీద ‘ఖర్చు తక్కువ’ దగ్గర ‘దేనికన్నా?’ అని అడగండి.