మంట లేని బట్టీలో రంగుల పొరలు

"మంట లేకుండా కుండ కాలడమేంటి తల్లీ?" అని మా పెదనాన్న ఇప్పటికీ అడుగుతాడు. జీవితమంతా కట్టెలు, పిడకలు పేర్చి ఆవం కాల్చిన మనిషి. నాది కరెంటు బట్టీ. తేలికపాటి ఇటుకల గాళ్లలో చుట్టలు చుట్టిన కాంథాల్ తీగ ఎర్రబడుతుంది, అంతే. పొగ లేదు, బూడిద లేదు.

కట్టెలబట్టీలో గాలి తగ్గిస్తే మంట గ్లేజులోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. రాగి కలిపిన గ్లేజు అలాంటప్పుడే ఎర్రబడుతుంది. నా బట్టీలో గాలికి కొదవ ఉండదు కాబట్టి రాగి ఆకుపచ్చగానే ఉంటుంది. అందుకే కరెంటు బట్టీ రంగులకు జీవం ఉండదంటారు కొందరు. నేను ఒప్పుకోను. అక్కడ మంట చేసే పని ఇక్కడ గ్లేజు పొరల చేత చేయించాలి.

ఆవకాయ జాడీ మీద మెరిసే పూత ఉందే, అదే గ్లేజు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, చైనా క్లే, సుద్ద, బోరాన్ ఉన్న ఫ్రిట్ (ముందే కరిగించి పొడిచేసిన గాజు) మెత్తగా నూరి నీళ్లలో కలుపుతాం. పలుగురాయి ఒక్కటే అయితే 1,700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మిగతావి తోడైతే 1,220 దగ్గరే గాజవుతుంది. ఐసులో ఉప్పు వేస్తే తొందరగా కరుగుతుంది చూడండి, అదే సూత్రం. ఒక గ్లేజు మీద ఇంకో గ్లేజు వేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. విడివిడిగా కదలకుండా నిలిచే రెండు గ్లేజులు కలిసినచోట ఇంకా తక్కువ వేడికే కరిగి కిందికి జారతాయి. అందం అక్కడే పుడుతుంది, ప్రమాదమూ అక్కడే.

నాకు బాగా ఇష్టమైన జోడీ చెబుతాను. ఇనుప ఆక్సైడ్ దండిగా ఉన్న నల్లగ్లేజు అడుగున, రూటైల్ కలిపిన తెల్లగ్లేజు పైన. రూటైల్ అంటే టైటానియం ఖనిజం. కరిగిన గాజులో అది సూక్ష్మమైన బొట్లుగా విడిపోయి వెలుగును చెదరగొడుతుంది. నీలం రంగు పొడి చిటికెడు వెయ్యకపోయినా, జారిన చారల్లో నీలం కనిపిస్తుంది. ఈ రెండిటి వరస మార్చి చూడండి, వేరే కుండే అనిపిస్తుంది.

మొదట సుమారు 1,000 డిగ్రీలకు కాల్చిన కుండ నీటిని పీల్చుకుంటుంది. గ్లేజులో మూడు సెకన్లు ముంచి తీస్తే నీరు లోపలికి ఇంకి పొడి పైన నిలుస్తుంది. తడి మెరుపు పోగానే రెండో పొర వేయాలి. మొదటిది పూర్తిగా ఎండి పొడిబారాక వేస్తే పెళ్లలుగా లేస్తుంది, కాలాక ముడుచుకుని మట్టి బయటపడుతుంది. రెండో పొరను పైన మూడో వంతుకే ఆపుతాను. జారడానికి చోటుండాలి కదా. అడుగున మైనం పూసి, బట్టీ పలకకి అల్యూమినా, చైనా క్లే కలిపిన పూత వేస్తాను. లేకపోతే కుండ పలకకి అతుక్కుపోతుంది.

కాల్చేటప్పుడు తొందర పనికిరాదు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం ఉన్నట్టుండి ఉబ్బుతుంది, అక్కడ నెమ్మదించాలి. చివరి వంద డిగ్రీలు మరీ నిదానం. మీటరు చూపేది వేడి మాత్రమే, ఆ వేడి ఎంతసేపు పనిచేసిందో చెప్పేది కోన్. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ సేగర్ తయారుచేసిన ఈ చిన్న మట్టి శంకువులు వంగితేనే నేను నమ్ముతాను. చల్లార్చడమూ కాల్చడంలో భాగమే. 1,000 నుంచి 800 దాకా మెల్లగా దింపితే సన్నని స్ఫటికాలు పెరిగి పట్టులాంటి నునుపు వస్తుంది. వేగంగా దింపితే వట్టి మెరుపే. వేసవిలో సగంలో కరెంటు పోతే ఈ లెక్కంతా తారుమారే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. మన వంటల్లో చింతపండు, నిమ్మ, ఉప్పు ఎక్కువ. విడిగా మంచివైన రెండు గ్లేజులు కలిస్తే వచ్చేది మూడో గ్లేజు, దాని గుణం వేరు. రాగి ఎక్కువైతే పులుపులోకి దిగుతుంది. నిమ్మచెక్క రాత్రంతా ఉంచి చూస్తాను. రంగు మారితే ఆ గిన్నె తిండికి పనికిరాదు, మారకపోయినా ల్యాబు పరీక్ష లేనిదే నమ్మను. అందుకే నా గిన్నెల లోపల పరీక్ష చేయించిన ఒకే గ్లేజు, పొరలన్నీ బయటే.