ఉత్తుత్తి కేసు వేస్తే ఖర్చు ఎవరిది? జ్యూరీ లేని మన కోర్టుల్లో రూ.3,000 లెక్క

గచ్చిబౌలిలో రెండేళ్లు అద్దెకున్న ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇల్లు ఖాళీ చేశారనుకుందాం. అడ్వాన్స్ లక్షన్నర తిరిగి ఇవ్వమని అడిగారు. డబ్బులు రాలేదు కానీ ఓనర్ తరఫు లాయర్ నుంచి నోటీసు వచ్చింది. గోడలు, ఫ్లోరింగ్ పాడుచేశారని, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పరువు తీశారని, రూ.5 లక్షలు కట్టకపోతే కోర్టుకు వెళ్తామని అందులో ఉంది. ఇలాంటి నోటీసు చేతికి రాగానే చాలామంది అడ్వాన్స్ మీద ఆశ వదిలేసుకుంటారు. అందులో పస ఉందా లేదా అన్నది తర్వాతి మాట. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలన్న ఊహే సగం కేసు ఓడిస్తుంది.

పస లేని దావాకు ఈ బలం ఎక్కడి నుంచి వస్తోంది? అమెరికాలో ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా చర్చ నడుస్తోంది. అక్కడ చాలామంది జ్యూరీల వైపు వేలు చూపిస్తారు. మన దగ్గర జ్యూరీలే లేవు. అయినా తిప్పలు తప్పలేదు.

అమెరికాలో ఏమంటున్నారు?

అక్కడ సివిల్ దావాల్లోనూ జ్యూరీ ఉంటుంది. 1791లో వచ్చిన ఏడో రాజ్యాంగ సవరణ ప్రకారం ఫెడరల్ కోర్టుల్లో వివాదం విలువ 20 డాలర్లు దాటితే జ్యూరీ విచారణ కోరవచ్చు. ఆ అంకె ఇప్పటికీ మారలేదు.

మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసు గురించి వినే ఉంటారు. కాఫీ ఒలికిందని లక్షల డాలర్లు కొట్టేశారంటూ జోకులా చెప్పుకుంటారు. నిజానికి ఆ పెద్దావిడకు తీవ్రమైన కాలిన గాయాలై, చర్మం అతికించే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 1994లో జ్యూరీ పరిహారంగా 1.6 లక్షల డాలర్లు, కంపెనీకి శిక్షగా మరో 27 లక్షల డాలర్లు నిర్ణయించింది. ఆ శిక్ష మొత్తాన్ని జడ్జి 4.8 లక్షలకు తగ్గించారు. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. జ్యూరీ చెప్పిందే చివరి మాట కాదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలనే లిబర్టేరియన్లు ఈ విషయంలో ఒక్క మాట మీద లేరు. క్రిమినల్ కేసుల్లో జ్యూరీ వారికి చాలా ఇష్టం. అన్యాయమైన చట్టం కింద శిక్ష వేయడానికి సామాన్యులు నిరాకరించవచ్చని లైసాండర్ స్పూనర్ 1852లోనే వాదించారు. పరిహారం దావాల దగ్గరికి వచ్చేసరికి అనుమానాలు మొదలవుతాయి. ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందాన్ని పక్కన పెట్టి, జేబు బరువు చూసి జ్యూరీ డబ్బు పంచేస్తోందని కొందరి ఫిర్యాదు. వాల్టర్ ఓల్సన్ 1991లో రాసిన 'ది లిటిగేషన్ ఎక్స్‌ప్లోజన్' పుస్తకం వేరే చోట చెయ్యి పెట్టింది. అమెరికాలో గెలిచినా, ఓడినా ఎవరి లాయర్ ఖర్చు వారిదే. ఇంగ్లండ్‌లో మాత్రం సాధారణంగా ఓడినవారు గెలిచినవారి ఖర్చూ భరించాలి. ఇది లేనంతకాలం ఊరికే కేసు వేసేవారికి పోయేదేమీ లేదన్నది ఆయన వాదన సారాంశం.

మన అనుభవం ఈ రెండో వాదనకే దగ్గరగా ఉంది.

మన జ్యూరీ ఏమైంది?

బ్రిటిష్ వారి కాలం నుంచి కొన్ని రకాల క్రిమినల్ కేసుల్లో జ్యూరీ ఉండేది. నేవీ అధికారి నానావతి హత్య కేసులో 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అని తేల్చడం, దాన్ని సెషన్స్ జడ్జి ఒప్పుకోకుండా హైకోర్టుకు పంపడం సినిమాల వల్ల అందరికీ తెలిసిందే. జ్యూరీ పోయింది ఆ ఒక్క కేసు వల్లే అనడం సరికాదు. జ్యూరీ విధానం తీసేయాలని లా కమిషన్ అంతకు ముందే, 1958లోనే సిఫారసు చేసింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు దక్కలేదు. అద్దెలు, అప్పులు, ఒప్పందాల సివిల్ దావాలను మాత్రం అప్పుడూ ఇప్పుడూ జిల్లా కోర్టుల్లో జడ్జే తేలుస్తున్నారు.

అయినా ఉత్తుత్తి దావాల సమస్య హైదరాబాద్‌కు కొత్త కాదు. ఒకాయన అదే పనిగా కేసులు వేస్తున్నారని, ముందస్తు అనుమతి లేకుండా జంట నగరాల్లో ఆయన కొత్త కేసు వేయరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆంక్ష పెట్టింది. దానికి ఆధారం 1949 నాటి మద్రాసు చట్టం. 1965లో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను కొట్టేసింది. ఇలాంటి చట్టం చేయడం తప్పు కాదు కానీ, మద్రాసు రాష్ట్రం చేసిన చట్టాన్ని పాత హైదరాబాద్ రాష్ట్ర ప్రాంతానికి వర్తింపజేయనే లేదని చెప్పింది.

రూ.3,000 ఎక్కడి నుంచి వచ్చింది?

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 35-ఏ సెక్షన్ ప్రకారం, అబద్ధమని తెలిసీ దావా వేసినవారు, అబద్ధపు వాదనతో దాన్ని ఎదుర్కొన్నవారు కూడా ఎదుటివారికి పరిహారం కట్టాలి. దీనికి గరిష్ఠ పరిమితి రూ.3,000. 1976 సవరణలో పెట్టిన అంకె ఇది. ఇప్పుడు ఆ డబ్బుకు లాయర్ ఒక వాయిదాకు వస్తారో రారో! దీన్ని రూ.లక్షకు పెంచాలని సుప్రీంకోర్టు 2011లో సూచించినా పార్లమెంటు కదలలేదు. మామూలు కోర్టు ఖర్చులు ఇప్పించే 35వ సెక్షన్ వేరే ఉన్నా, ఆచరణలో వచ్చేది అసలు ఖర్చులో కొంతే.

కానీ 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం వాణిజ్య వివాదాలకు ఈ పరిమితి ఎత్తేసింది. ఓడినవారే ఖర్చు భరించడం అక్కడ సాధారణ సూత్రం. అంటే రాయదుర్గంలో రెండు కంపెనీలు కాంట్రాక్టు మీద కొట్లాడుకుంటే ఉత్తుత్తి దావా వేసినవారికి చురుకు తగులుతుంది. పక్క వీధిలో అద్దె ఇంటి అడ్వాన్స్ గొడవకు మాత్రం పాత రూ.3,000 లెక్కే. రక్షణ ఎక్కువ అవసరమైనవారికే తక్కువ దొరుకుతోంది.

ఓడినవారే కట్టాలన్న నియమాన్ని అందరికీ పెట్టినా చిక్కు లేకపోలేదు. బిల్డర్ మీద న్యాయమైన కేసే వేసినా, ఓడితే అవతలి సీనియర్ లాయర్ ఫీజు తన నెత్తిన పడుతుందేమోనని ఫ్లాట్ కొన్న వ్యక్తి జంకుతారు. అందుకే అబద్ధమని తెలిసీ వేసిన దావాకు పరిమితి లేకుండా, నిజాయతీగా వేసి ఓడినవారికి తేలిగ్గా ఉండేలా 35-ఏను మార్చడం మేలనిపిస్తుంది.

నోటీసు వస్తే ఏం చేయాలి?

నోటీసు అంటే కేసు కాదు. అందులో రూ.50 లక్షలని రాయడానికి ఖర్చు లేదు. అదే డబ్బు కోసం దావా వేయాలంటే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అద్దె ఒప్పందం, బ్యాంకు లావాదేవీలు, ఖాళీ చేసిన రోజు తీసిన ఫొటోలతో లిఖితపూర్వకంగా జవాబివ్వడం మంచిది.

దావా నిజంగానే వస్తే, సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక వాదన దాఖలు చేయాలి. ఎదుటివారికి తెలిసే అబద్ధం ఆడుతున్నారన్న అభ్యంతరాన్ని అందులోనే రాయించండి. అభ్యంతరం చెప్పకపోతే 35-ఏ కింద ఆ రూ.3,000 కూడా రాదు. చట్టప్రకారం దావా నిలబడదనుకుంటే, ఆరంభంలోనే తిరస్కరించాలని ఆర్డర్ 7, రూల్ 11 కింద అడగవచ్చు.

అడ్వాన్స్ కోసం మీరే కదలాలంటే మార్గం సాధారణంగా సివిల్ కోర్టు. బిల్డర్ మీదైతే రెరా లేదా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.