డీజిల్‌లో నీరు – కంటికి కనిపించని శత్రువు

నిమ్‌పురా పేరు వినగానే గూడ్సు యార్డు, దాని పరిసరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు గుర్తుకు వస్తాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూర్‌కు వలస వచ్చిన మనవారికి డీజిల్ కొత్త విషయమేమీ కాదు. 1962లో అమెరికా నుండి దిగుమతి అయి, 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లను ఇక్కడి డీజిల్ షెడ్డు పోషించింది. ఒక్కొక్క ఇంజనుకు 5,000 లీటర్ల ఇంధన ట్యాంకు ఉండేది. నేడు విద్యుత్తు రైళ్లదే రాజ్యమైనా, మన ఇళ్ల ముందున్న వాహనాలలోను, జనరేటర్లలోను డీజిల్ వినియోగం కొనసాగుతూనే ఉన్నది. అందుచేత ఆనాటి షెడ్డులో పాటించిన జాగ్రత్తలు నేడు ఇంటింటా అవసరమే.

నీరు ఎక్కడి నుండి వస్తుంది?

బెంగాల్ గాలిలో తేమ ఎక్కువ. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, రాత్రి చల్లబడిన గోడలపై ఆ తేమ బిందువులుగా మారి డీజిల్‌లోకి జారుతుంది. వదులైన మూత, వర్షంలో ఇంధనం నింపడం, ఆరుబయట నిలబెట్టిన పీపాలు ఇందుకు ఇతర కారణాలు. నీరు డీజిల్ కంటె బరువైనది కనుక అడుగున చేరి, అక్కడి గొట్టం ద్వారానే ఇంజనుకు ప్రయాణమవుతుంది. బయోడీజిల్ కలిసిన ఇంధనం తేమను మరింతగా పీల్చుకుంటుంది.

కలిగే నష్టమేమిటి?

డీజిల్ ఇంధనం మాత్రమే కాదు, పంపుకు, ఇంజెక్టరుకు కందెన కూడా. నీరు చేరిన చోట ఈ రక్షణ పోయి, లోహం అరిగిపోతుంది, తుప్పు పడుతుంది. ఆధునిక కామన్ రెయిల్ ఇంజన్లలో పీడనం 2,000 బార్ వరకు ఉంటుంది. అక్కడి భాగాల మధ్య ఖాళీ కొద్ది మైక్రానులే! వేడి ఇంజెక్టరు కొనలో నీరు ఒక్కసారిగా ఆవిరై దానిని చిట్లించగలదు. నీరు, డీజిల్ కలిసే సరిహద్దులో శిలీంధ్రాలు, బాక్టీరియా పెరిగి, జిగురు మడ్డిగా మారి ఫిల్టరును మూసివేస్తాయి.

నష్టం డబ్బుతోనే ఆగదు. నడుస్తున్న ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు సహాయం క్రమంగా తగ్గిపోతుంది. సంక్రాంతికి సకుటుంబంగా 16వ జాతీయ రహదారి మీదుగా శ్రీకాకుళం, విశాఖ వైపు బయలుదేరిన వారికి, లారీల మధ్య ఇది ప్రాణాపాయం. లెవెల్ క్రాసింగుపై బండి ఆగిపోతే మొదట మనుషులను దింపి దూరంగా పంపాలి, వెంటనే గేటుమ్యాన్‌కు తెలపాలి. బండి సంగతి ఆ తరువాతే.

పాటించవలసిన జాగ్రత్తలు

1. వాహనాన్ని చాలా రోజులు నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకును దాదాపు నిండుగా ఉంచండి.

2. ఫిల్టరు అడుగున ఉన్న నీటి సంగ్రాహకాన్ని తయారీదారు సూచించిన గడువులో, వర్షాకాలంలో మరింత తరచుగా ఖాళీ చేయండి. హంస పాలను, నీటిని వేరుచేస్తుందంటారు. మన వాహనంలో హంస ఇదే! దానిని శుభ్రం చేయకుంటే అదీ చేతులెత్తేస్తుంది.

3. నీటి హెచ్చరిక దీపం వెలిగితే సురక్షితమైన చోట ఇంజను ఆపి, మెకానిక్కును పిలవండి. మళ్లీ మళ్లీ స్టార్టు చేయడం నష్టాన్ని పెంచుతుంది.

4. పీపాలను నీడలో, రెండు బిరడాలు ఒకే మట్టంలో అటూ ఇటూ ఉండేలా పడుకోబెట్టండి. నిలబెట్టిన పీపా మూతపై వర్షపు నీరు నిలిచి, రాత్రి చల్లబడినప్పుడు బిరడా సందుల గుండా లోనికి పోతుంది.

5. జనరేటరు నిల్వ ట్యాంకులో కొలకర్రకు నీటిని గుర్తించే పేస్టు పూసి ముంచండి. రంగు మారినంత మేర అడుగున నీరున్నట్లే.

6. తీసిన మడ్డిని కాలువలో పోయకండి. నిప్పుకు దూరంగా, మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, సేకరణ కేంద్రానికి అప్పగించండి.

గిన్నెడు నీరు ఇంజనును పాడుచేయగలదు. దానిని బయటకు తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. ఈ వర్షాకాలం లోపే మన వాహనాలను, జనరేటర్లను ఒకసారి పరీక్షించుకుందాం. పండుగ ప్రయాణం క్షేమంగా ముగియడానికి అదే తొలి మెట్టు.