మెదడు లోతుకు నానో కణాల దారి

రెడ్డిగూడెం, నూజివీడు మామిడి తోటల్లో తేనెమంచు పురుగు సోకి పూత మాడిపోతే రైతును పట్టుకునే దిగులు సహజమైనది, కాపు నిలిస్తే తీరిపోయేది. కారణం పోయినా భయం పోక, నెలల తరబడి నిద్రనూ పనినీ చెడగొట్టినప్పుడు వైద్యులు దానిని ఆందోళన రుగ్మతగా పరిగణిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 30.1 కోట్ల మంది దీనితో బాధపడ్డారు. చాలామందికి మందులు, ఆలోచనా ధోరణిని సరిదిద్దే మానసిక చికిత్స ఉపకరిస్తాయి. వాటికి లొంగని వారి కోసమే మెదడును నేరుగా ప్రేరేపించే పద్ధతులపై పరిశోధన సాగుతోంది.

భయానికి కీలక కేంద్రమైన అమిగ్డాలా, అంటే బాదంగింజ ఆకారంలోని నాడీకణాల సముదాయం, మెదడులో బాగా లోతున ఉండటమే ఇక్కడి చిక్కు. పుర్రెకు రంధ్రం చేసి ఎలక్ట్రోడును దింపితే ఆ లోతుకు చేరవచ్చు గాని, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ముప్పు తప్పదు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం ప్రదర్శించిన అయస్కాంత ప్రేరణకు కోత అక్కరలేదు గాని, తలపై ఉంచే మామూలు తీగచుట్ట ప్రభావం రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోపలికి సాగదు.

ఈ రెండింటి మధ్య దారిని నానో కణాలు చూపుతున్నాయి. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. 2015లో అమెరికాలోని ఎంఐటీలో పొలీనా అనికేయెవా బృందం సుమారు 22 నానోమీటర్ల ఇనుప ఆక్సైడు కణాలను చుంచెలుకల మెదడులోకి సూదితో ఎక్కించి, బయటి నుంచి వేగంగా దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించగా, కణాలు వేడెక్కి చుట్టూ ఉన్న నాడీకణాలను ఉత్తేజపరిచాయి. ఆ వేడిని గ్రహించింది టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్; గుంటూరు మిరప ఘాటును నాలుకకు మంటగా తెలియజేసేదీ, 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునేదీ ఇదే. అయితే కణాలను ఎక్కించిన మెదడు భాగానికి ఈ ప్రొటీన్ జన్యువును వైరస్ ద్వారా చేర్చవలసి వచ్చింది. అడ్రినల్ గ్రంథి కణాల్లో ఈ ప్రొటీన్ సహజంగానే ఉన్నందున, 2020లో వెలువడిన ప్రయోగంలో జన్యుమార్పిడి లేకుండానే ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్లను విడుదల చేయించగలిగారు. ఆందోళనలో ఆ హార్మోన్ల పాత్రను పరిశీలించడానికి ఇదొక సాధనం.

ఇవన్నీ జంతువులపై జరిగినవే. కణాలు శరీరంలో ఎంతకాలం నిలుస్తాయి, వేడి పరిసర కణజాలాన్ని దెబ్బతీయకుండా ఎలా అదుపు చేయాలి, చిన్న ఎలుకకు సరిపోయిన అయస్కాంత క్షేత్రాన్ని మనిషి తలంత మేర ఎలా నెలకొల్పాలి అన్నవి తేలేవరకు ఇది చికిత్స కాదు. కాబట్టి నానో కణాలతో ఆందోళనను నయం చేస్తామనే ప్రకటనలను నమ్మక, 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి సలహా పొందడం నేటి రోగికి అందుబాటులో ఉన్న మార్గం.