మడత ఫోను: తిరుత్తణి చదువరికి అక్కరయా?

రెండు రెక్కలుగా మడిచి జేబులో నుంచుకొనదగినదియు, విప్పినంతనే చిన్న పుస్తకపు పుటయంతటి తెరగా విచ్చుకొనునదియు నగు శాంసంగ్ వారి ‘గెలాక్సీ జడ్ ఫోల్డ్ 7’ అను ఫోను 1,74,999 రూపాయల ప్రారంభపు వెలతో 2025 జూలైలో మన దేశపు విపణిలోనికి వచ్చిన నాటినుండి, తిరువళ్ళూరు సెల్‌ఫోను దుకాణముల ముంగిటను, చెన్నపట్టణమునుండి తిరుత్తణికి వచ్చు లోకలు బండి పెట్టెలలోను యువకులు తమలో తాము వాదించుకొనుచుండగా నేను పలుమారు విన్న ప్రశ్న యొక్కటే: అంత సొమ్ము దానికి పెట్టవచ్చునా? వయసు మళ్లినవారు ఈ ప్రశ్నకు సాధారణముగా ఇచ్చు ప్రత్యుత్తరము ‘పిచ్చి’ అను నొక్కమాట. ఆ యొక్కమాటతో సరిపుచ్చుట న్యాయము కాదని నా తలంపు. ఆ వెల దేనికి చెల్లించుచున్నామో, దానివలన మన దైనందిన జీవితమున తీరు కొరత యేదో, ఆ కొరత మరియొక విధమున తక్కువ వ్యయముతో తీరునో తీరదో విచారింపవలెను గదా.

మడత ఫోనుల పుట్టుక శుభలగ్నమున జరిగినది కాదు. 2019 ఫిబ్రవరిలో ఆ సంస్థయే తన మొదటి ‘గెలాక్సీ ఫోల్డ్’ను ప్రకటించి, ఏప్రిల్‌లో దానిని సమీక్షకులకు పంపగా, కొన్ని దినములలోనే కొందరి చేతులలో తెరలు చెడిపోయినవి. తెరపై నున్న పొరను దుకాణములలో అంటించు రక్షణపు పొరగా భ్రమించి ఒలిచివేసినవారు కొందరు కాగా, కీలు సందునుండి లోనికి దూరిన నలుసులు తెరను క్రిందినుండి పొడిచి మరి కొన్నిటిని పాడుచేసినవి. అమ్మకము సెప్టెంబరునకు వాయిదా పడినది. అక్టోబరులో 1,64,999 రూపాయల వెలతో మన దేశమునకు వచ్చిన ఆ తొలి ఫోను బరువు 276 గ్రాములు. ఇప్పటి దాని బరువు 215 గ్రాములు, విప్పినప్పుడు దాని మందము 4.2 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ నడుమ తలవెంట్రుకకంటె పలుచనైన గాజుతెర వచ్చినది, కీలు సన్నబడినది, 2021 నుండి నీటిని తట్టుకొను శక్తియు కలిగినది. 2024లో హువావే వారు మూడు రెక్కలుగా మడుచు ఫోనును సయితము చైనాలో విడుదల చేసిరి. ఇంత స్వల్పకాలమున ఇంతటి పురోగతిని సాధించిన పనివారిని శ్లాఘింపక తప్పదు.

వారు సాధించినదానిలో తెలుగు చదువరికి నిజముగా ఉపకరించునది తెర వెడల్పు. సాధారణ ఫోను తెర వెడల్పు ఇంచుమించు 7 సెంటీమీటర్లు. విప్పిన మడత ఫోను తెర వెడల్పు 13 సెంటీమీటర్లకు పైబడినది, నిడివి సుమారు 15. క్రౌను సైజులో అచ్చయిన తెలుగు పుస్తకపు పుట వెడల్పు 12 సెంటీమీటర్ల చిల్లర యగుటచేత, పాత గ్రంథముల ఛాయాప్రతులలోని పుట, అంచులతో సహా, తన అసలు కొలతతోనే ఈ తెరపై నిలుచును. క్రింది నాలుగు పంక్తులకై మాత్రము వ్రేలితో కొంచెము పైకి జరుపుకొనవలసియుండును. ఇంగ్లీషు అక్షరములు చాలవరకు ఒకే వరుసలో సర్దుకొనును గాని మన లిపి అట్టిది కాదు. తలపై గుడియో గుడిదీర్ఘమో నిలువగా, పాదమున ఒత్తు వ్రేలాడగా, ‘స్త్రీ’ వంటి చోట్ల ఒత్తు ప్రక్కన మరియొక ఒత్తు చేరగా, ఒక్కొక్క పంక్తియు పైకిని క్రిందికిని చోటు కోరును. ఆ చోటు దొరకక అక్షరము కుంచించుకొనిపోయినచో గుడికిని గుడిదీర్ఘమునకును, పకారమునకును ఫకారమునకును గల భేదము కనుచూపునకు అందదు. అందనప్పుడు చదువరి ఊహతో పూరించుకొనును, కొంతసేపటికి విసిగి పుస్తకమునే మూసివేయును. చిన్న ఫోనులలో తెలుగు గ్రంథములు చదువబూని మానుకొన్నవారిని నేను అనేకులను ఎరుగుదును, వారిలో ఒక్కరును భాషపై ప్రీతి లేక మానినవారు కారు.

ఐతే వెల హెచ్చినంత మాత్రమున మన లిపిపై శ్రద్ధయు హెచ్చునని తలపరాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞకారముతో కూడిన ఒకానొక తెలుగు అక్షరసంయోగము సందేశముగా వచ్చి తెరపై కనబడవలసి వచ్చినంతనే ఐఫోనులలోని అప్లికేషనులు కుప్పకూలిన సంగతి పలువురకు జ్ఞాపకముండును. 2017లో 89,000 రూపాయలకు అమ్మకమునకు వచ్చిన ‘ఐఫోన్ టెన్’ సయితము అందుకు మినహాయింపు కాలేదు. ఫిబ్రవరి 19న యాపిల్ వారు సవరణ విడుదల చేసిరి. కోట్లమంది వ్రాయు లిపిలోని ఒక సంయుక్తాక్షరమును ముందుగా పరీక్షించి చూడనందున జరిగిన అనర్థమది.

పుట వెడల్పును గూర్చి నేనింత వ్రాయుటకు కారణము మా ప్రాంతపు స్థితి. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించిన తిరుత్తణి, రాష్ట్రముల సరిహద్దు తగవును విచారించిన పటాస్కర్ సిఫారసులను అనుసరించి చేసిన చట్టముచే 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి విడివడి, పళ్ళిపట్టుతో కూడ మద్రాసు రాష్ట్రమున చేరినది. దానికి బదులుగా సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రమున చేరినవి. గీత మారినను ఇండ్లలోని మాట మారలేదు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము, రామకృష్ణరాజుపేట చుట్టుప్రక్కల మగ్గముల యొద్ద తెలుగు నేటికిని వినబడుచునే యున్నది. కాని తమిళమును ఒకటవ తరగతినుండి ఏటేట పై తరగతులకు నిర్బంధ పాఠ్యభాగముగా చేసిన 2006 నాటి చట్టము తరువాత, తెలుగు అక్షరము చదువనేర్చిన పిల్లలు మా వీథులలో తగ్గిపోయిరి. రాష్ట్రభాష నేర్చుట బిడ్డలకు మేలే. దానిని నేను ఆక్షేపింపను. తల్లిభాష చదువుట మాత్రము ఇంటి బాధ్యత యైనది. అందుకు కావలసిన పుస్తకము కొనవలెనన్న తిరుపతికో చెన్నపట్టణమునకో పోవలెను. కావున చెన్నపురి వావిళ్ళవారు మొదలగువారు ఒకప్పుడు అచ్చువేసిన గ్రంథములు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు ఛాయాప్రతులుగా తీసి ఉంచినవి, నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా లభించుట మాబోటివారికి పెన్నిధి. ఆ నిధికి తాళపుచెవి తెర. తెర చిన్నదైన నిధి తలుపు సగమే తెరచుకొనును.

ఒక బంధువు నొద్ద ఎరవు తెచ్చుకొన్న మడత ఫోనులో పోతన భాగవతపు పాత ప్రతి నొకదానిని తెరచి, పొదటూరుపేటలో నేతపని మాని ఇంటిపట్టున నుండు మా పినతండ్రిగారి చేతికిచ్చితిని. అద్దములు సవరించుకొని, అక్షరమును పెద్దది చేయుమని ఒక్కమారైనను అడుగక, ఆయన గజేంద్రుని కథ చాలదూరము చదివిరి. పిదప తెర నడుమ నిలువుగా పోవు సన్నని గాడిపై వ్రేలు రాచి, “ఏమప్పా, దీన్ని ఇట్లా మడస్తా వుంటే నడాన యిరిగిపోదా?” అని అడిగిరి. విరుగకుండుటకే అంత వెల యని నేను చెప్పగా, “పుట మాత్రం బాగుండాది. మడవకుండా వుండేది ఏదైనా వుంటే అది తెచ్చియ్యి” అనిరి. ఈ విషయమై నేను చదివిన సమీక్షలన్నిటిలోను ఇంత సూటియైన మాట నాకు కనబడలేదు. మనకు కావలసినది పుట. మడత యనునది ఆ పుటను జేబులో ఇముడ్చుటకు చెల్లించు సుంకము మాత్రమే. ఆ సుంకము ఎవరికి గిట్టునో చూడవలెను.

మరమగ్గముల షెడ్డులలో పనిచేయువారికి మాత్రము గిట్టదు. అచటి గాలిలో నూలు నలుసు ఎల్లప్పుడును తేలుచుండును. బట్టలమీద, కనుబొమలమీద, జేబుల అడుగున అది చేరియుండును. ఈ ఫోనునకు ఇచ్చిన రక్షణప్రమాణము ఐపీ 48. అందులో చివరి అంకె నీటికి సంబంధించినది, అది గట్టిదే. మొదటి అంకెయగు 4కు మాత్రము ఒక మిల్లీమీటరునకు మించిన ఘనపదార్థమును అడ్డగించుననియే అర్థము గాని, ధూళిని ఆపుననుకొనరాదు. గూగుల్ వారి 2025 నమూనా యగు ‘పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్’ ధూళిని సయితము ఆపగల ఐపీ 68 ప్రమాణమును సంపాదించినది. విడుదలనాటి దాని వెలయు 1,72,999 రూపాయలు. ఐదు లక్షల మారులు మడిచి పరీక్షించితిమని శాంసంగ్ వారు చెప్పుచున్నారు. దినమునకు నూరుమారులు మడిచినను అది పదమూడు సంవత్సరములకు పైబడు లెక్క. ఆ లెక్కను నేను శంకింపను. ఐతే పరీక్షాగృహమున మడిచినది శుభ్రమైన గాలిలో యంత్రము. ఇచట మడుచునది ఎండవేళ చెమటపట్టిన చేయి, దుమ్ముపట్టిన జేబు. లోపలి తెర చెడినచో వీథి చివరి మరమ్మతు దుకాణము దానిని బాగుచేయజాలదు. సంస్థవారి సేవాకేంద్రమున మార్పించుకొనుటకు మంచి సాధారణ ఫోను నొకదానిని కొనదగినంత సొమ్ము వ్యయమగును. పూర్వపు నమూనాలలో తెరపై వ్రాయుటకు ప్రత్యేకమైన కలమును వాడుకొను వీలుండెడిది. పలుచదనము కొరకు దానిని ఈ నమూనాలో తీసివైచిరి. అచ్చుప్రతులు దిద్దుకొను నాబోటివారికి అది చిన్న లోపము కాదు.

ఇక డబ్బు సంగతి. వెలలో 18 శాతపు జీఎస్టీయే సుమారు 26,700 రూపాయలు. ఏడు సంవత్సరములపాటు సాఫ్ట్‌వేరు నవీకరణములు ఇచ్చెదమన్న వాగ్దానము మెచ్చదగినదే. ఏడేండ్లును వాడినచో ఏటికి 25,000 పడును, మూడేండ్లకే మార్చినచో 58,000 పడును. వాయిదాలపై ఇచ్చెదమను దుకాణదారుడు నెలసరి అంకె నొకటి చూపి ఈ లెక్కను కంటికి మరుగుచేయును. మరియొక ప్రక్క, ఇరువది, ఇరువదియైదు వేలకు పదునొకండు అంగుళముల టాబ్లెట్టు లభించును. దానిపై డెమ్మీ సైజు పుట సయితము ఇంచుమించు పూర్తిగా నిలుచును, మధ్య గాడి యుండదు. దానికి తోడు ఇరువది వేల ఫోను నొకటి కొన్నను మొత్తము 45,000 దాటదు. మిగిలిన లక్షా ముప్పదివేలతో ఒక కుటుంబము బిడ్డలకు కావలసిన తెలుగు పుస్తకములన్నియు కొని బీరువా నింపుకొనవచ్చును. టాబ్లెట్టు ఇంటిల్లిపాదిది, అవ్వ చదివి మనుమరాలికి ఇచ్చును. ఫోను ఒక్కరి జేబును విడువదు.

వెలను తూచుటకు మా ప్రాంతమున మరియొక తక్కెడ కలదు. తిరువళ్ళూరు జిల్లా పొలిమేరకు ఆనుకొనియున్న శ్రీపెరుంబుదూరున 2006లో తెరచిన నోకియా కర్మాగారము 2014 నవంబరు 1న మూతపడి వేలమంది యువతీయువకులను వీథిపాలు చేసినది. అనంతరము ఆ పరిసరములలోనే ఫాక్స్‌కాన్ కర్మాగారమున ఐఫోనుల కూర్పు హెచ్చినది. 2021 డిసెంబరులో పూనమల్లి సమీపపు వసతిగృహమున కలుషితాహారము తిని 150కి పైగా కార్మికురాండ్రు ఆసుపత్రి పాలుకాగా, వారి తోటివారు జాతీయరహదారిపై బైఠాయించిరి. కర్మాగారము కొంతకాలము ఆగిపోయినది. ఆ నాళ్లలో పత్రికలు ప్రకటించిన వారి వేతనము నెలకు సుమారు 10,500 రూపాయలు. నేను చెప్పుచున్న మడత ఫోను అచట తయారైనది కాదు. ఐనను మా ఊళ్లనుండి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి పోవు ఆడపిల్లల ఆనాటి జీతముతో కొలిచినచో అది పదునారు నెలల పైచిలుకు కష్టార్జితమునకు సమానము. అట్టి బిడ్డ కూడబెట్టిన సొమ్ముతో అన్నదమ్ములు ఈ వస్తువును కొనిపించుకొనుట నాకు సమ్మతము కాదు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకొనలేదు.

మరి ఎవరు కొనవచ్చును? తిరుత్తణినుండి చెన్నైకి ప్రతిదినము పోయివచ్చుచు, రానుపోను నాలుగు గంటలకు పైగా బండిలో గడపుచు, కూర్చుండుటకు చోటులేక ఒక చేత పైకడ్డీ పట్టుకొని, రెండవ చేతితోనే లెక్కల పట్టికలో కోర్టు కాగితములో చూచుకొనవలసిన ఉద్యోగికో వకీలుకో జేబులో ఇముడు పుట నిజముగా పనికివచ్చును. అట్టివాడు అప్పుచేయక కొనగలిగినచో, ధూళిని ఆపగల నమూనానే ఏరుకొని, తెరకు బీమా చేయించుకొని కొనుటలో తప్పులేదు. సినిమా చూచుటకై కొనువారు మాత్రము ఒక సంగతి తెలిసికొనవలెను: ఈ తెర ఇంచుమించు చతురస్రము, వెడల్పాటి చిత్రము దానిపై పడినప్పుడు క్రిందను పైనను నల్లని పట్టీలు మిగిలి, బొమ్మ సాధారణ ఫోనులో కనబడుదానికంటె అంతగా పెరుగదు. తక్కినవారికి, ముఖ్యముగా ఇంట చదువుకొనువారికి, ఈ వెలలో ఇది అక్కరలేదు.

కొనవలెననియే నిశ్చయించుకొన్నవారు దుకాణములో చూపు రంగురంగుల బొమ్మలతో తృప్తిపడక, పాత తెలుగు గ్రంథపు ఛాయాప్రతి నొకదానిని అందులో తెరపింపుడు. పుటను కదలింపక పది పంక్తులు చదువుడు. పైకప్పు దీపపు వెలుగు తెరపై పడునట్లు ఫోనును వంచి, నడిమి గాడి వాక్యమునకు అడ్డుపడుచున్నదో లేదో చూడుడు. తరువాత తెలుగు కీబోర్డు తెరచి ‘రాష్ట్రము’, ‘జ్ఞానము’, ‘స్త్రీ’ అని వ్రాసి, ఒత్తులు వాని చోట సరిగా నిలిచినవో లేదో, అతి చిన్న అక్షరముతో సయితము గుడియు గుడిదీర్ఘమును వేరువేరుగా కనబడుచున్నవో లేదో పరీక్షింపుడు. ఇంతసేపు చేతిలో ఉంచుటకు దుకాణదారుడు అంగీకరింపనిచో, ఫోనును బల్లమీదనే పెట్టి లేచి రండు.