తుపాకి నియంత్రణ - వ్యక్తి స్వేచ్ఛ: అమెరికా, భారత రాజ్యాంగాల అనుభవం

పరిచయం

స్వేచ్ఛ గురించి చదివేటప్పుడు మనకు వాక్ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, సంచార స్వేచ్ఛ వెంటనే గుర్తుకు వస్తాయి. తుపాకి దగ్గర ఉంచుకొనే స్వేచ్ఛ అంటే మాత్రం మనలో చాలామందికి వింతగా వినిపిస్తుంది. అయితే అమెరికా రాజ్యాంగం తన హక్కుల పత్రంలో దీనికి రెండో స్థానం ఇచ్చింది. మన రాజ్యాంగ పరిషత్తు ముందుకు కూడా ఇలాంటి ప్రతిపాదనే వచ్చింది. దానిపై చర్చ జరిగింది, చివరకు వీగిపోయింది. ఈ పాఠంలో మీరు ఆ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తారు.

'నియంత్రణ మంచిదా, స్వేచ్ఛ మంచిదా' అని రెండు వరుసల్లో లాభనష్టాలు రాసుకోవడం తేలికే. కాని విషయం దాంతో బోధపడదు. తుపాకులపై చట్టాలు రెండు దేశాల్లోనూ ఉన్నాయి, లైసెన్సు గల తుపాకులూ రెండు దేశాల్లో ఉన్నాయి. అసలు తేడా మరోచోట ఉంది. కారణం చూపవలసిన బాధ్యత ఎవరిది? తుపాకి కావాలనే పౌరుడిదా, వద్దనే ప్రభుత్వానిదా? పాఠం చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకోండి.

ఒక తుపాకి, రెండు పద్ధతులు

టెక్సాస్ రాష్ట్రంలో ఒక వ్యక్తి లైసెన్సు గల దుకాణానికి వెళ్లి రైఫిలు అడిగాడనుకోండి. అతడు ఒక ఫెడరల్ ఫారం నింపాలి. తాను తీవ్ర నేరాల్లో శిక్ష పడినవాడిని కానని, చట్టం నిషేధించిన ఇతర వర్గాలకు చెందనని అందులో ప్రకటించాలి. దుకాణదారు అతడి వివరాలను ఎఫ్‌బీఐ నిర్వహించే తనిఖీ వ్యవస్థకు పంపుతాడు. 1993లో చేసిన బ్రాడీ చట్టం ప్రకారం ఏర్పడిన ఈ వ్యవస్థ 1998 నుంచి పనిచేస్తోంది. చాలా సందర్భాల్లో నిమిషాల్లోనే జవాబు వస్తుంది. నిషేధిత జాబితాలో పేరు లేకపోతే తుపాకి అతడిదే. 'నీకు ఇది ఎందుకు?' అని మాత్రం ఎవరూ అడగరు. పైగా లైసెన్సు లేని ఒక వ్యక్తి తన రాష్ట్రంలోని మరో వ్యక్తికి సొంత తుపాకి అమ్ముకుంటే, ఫెడరల్ చట్టం ఈ తనిఖీని కూడా తప్పనిసరి చేయలేదు. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో ఆ లోపాన్ని పూడ్చాయి, కొన్ని పూడ్చలేదు.

ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఒక వ్యక్తికి తుపాకి కావాలి. అతడు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో ఉన్న కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి. హైదరాబాదు వంటి చోట్ల అయితే పోలీసు కమిషనరుకు. స్థానిక పోలీసులు విచారణ జరిపి నివేదిక ఇస్తారు. ప్రాణభయమా, పంట రక్షణా, క్రీడా షూటింగా, ఏదో ఒక తగిన కారణం చూపాలి. అధికారి సంతృప్తి చెందితేనే లైసెన్సు. అది కూడా శాశ్వతం కాదు, గడువు తీరగానే పునరుద్ధరించుకోవాలి. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించాలని అధికారులు చేసే ప్రకటనలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. హక్కు అయితే ఐదేళ్లకోసారి ఇలా తిరిగి ఇచ్చేయమనడం సాధ్యమయ్యేది కాదు. మన దేశంలో ఇది హక్కు కాదు, చట్టం ఇచ్చే అనుమతి.

అమెరికా రాజ్యాంగం రెండో సవరణ

1791లో ఆమోదం పొందిన రెండో సవరణ ఒకే ఒక వాక్యం. స్వేచ్ఛాయుత రాజ్య భద్రతకు సువ్యవస్థితమైన ప్రజాసైన్యం అవసరమన్నది అందులో మొదటి సగం. ఆయుధాలు ఉంచుకొనే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలగరాదన్నది రెండో సగం. రెండు శతాబ్దాల వివాదమంతా ఈ రెండు సగాల మధ్య సంబంధం ఏమిటన్నదే.

ఆనాటి పరిస్థితి తెలిస్తే వాక్యం అర్థమవుతుంది. 1775 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం కాంకర్డ్ గ్రామంలో వలస ప్రజలు దాచుకున్న ఆయుధాలను స్వాధీనం చేసుకోవడానికి బయలుదేరినప్పుడే స్వాతంత్ర్య యుద్ధంలో తొలి కాల్పులు జరిగాయి. రాజు చేతిలోని శాశ్వత సైన్యం అంటే వారికి భయం. తమ ఊరి రైతులు, వృత్తిపనివారు సొంత తుపాకులతో కూడి ఏర్పడే ప్రజాసైన్యం అంటే నమ్మకం. అప్పటి తుపాకి ఒకసారి పేల్చాక మందు, గుండు మళ్లీ దట్టించుకోవలసిన రకానిదని కూడా గుర్తుంచుకోండి.

ప్రజాసైన్యంతో సంబంధం ఉన్నంతవరకే ఈ హక్కు అని ఒక వాదం. ఇది ప్రతి వ్యక్తికీ స్వతహాగా ఉన్న హక్కు అని మరో వాదం. 1939లో మిల్లర్ కేసులో సుప్రీంకోర్టు మొదటి వాదానికి దగ్గరగా నిలిచింది. గొట్టం కోసి పొట్టిగా చేసిన షాట్‌గన్‌కు ప్రజాసైన్యం అవసరాలతో సంబంధం ఉన్నట్లు రుజువు లేదు కాబట్టి దాన్ని నియంత్రించవచ్చని చెప్పింది. 2008లో హెల్లర్ కేసులో పరిస్థితి తారుమారైంది. వాషింగ్టన్ నగరం 1976 నుంచి చేతి తుపాకులను నిషేధించింది. ఇంట్లో ఉంచుకునే ఇతర తుపాకులను కూడా విడదీసి గాని, తాళం వేసి గాని ఉంచాలని ఆదేశించింది. 5-4 తీర్పుతో కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసి, ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని ప్రకటించింది. తీర్పు రాసిన జస్టిస్ స్కేలియా ఈ హక్కు అపరిమితం కాదని కూడా అదే తీర్పులో రాశారు. నేరస్థుల చేతిలో ఆయుధాలపై నిషేధం, పాఠశాలల్లో, ప్రభుత్వ భవనాల్లో ఆయుధాలపై నిషేధం కొనసాగవచ్చన్నారు. తీర్పును పొగిడేవారు గాని, తిట్టేవారు గాని ఈ భాగాన్ని ఎక్కువగా ప్రస్తావించరు.

మన పాఠానికి అన్నిటికన్నా ముఖ్యమైనది 2022 నాటి బ్రూయెన్ కేసు. న్యూయార్క్ రాష్ట్రంలో బహిరంగ ప్రదేశాల్లో చేతి తుపాకిని దాచి వెంట తీసుకువెళ్లాలంటే దరఖాస్తుదారు తగిన కారణం చూపాలి. ఇతరులకు లేని ప్రత్యేక అవసరం తనకు ఉందని అధికారిని ఒప్పించాలి. దాదాపు మన ఆయుధ చట్టం నడిచే తీరు ఇదే. ఆ నిబంధనను సుప్రీంకోర్టు 6-3తో కొట్టివేసింది. రాజ్యాంగం ఇచ్చిన మరే హక్కును వాడుకోవడానికైనా పౌరుడు ముందుగా అధికారికి తన అవసరాన్ని రుజువు చేయనక్కరలేదు కదా అన్నది కోర్టు తర్కం. ఇకపై తుపాకుల చట్టం ఏదైనా నిలవాలంటే దానికి దేశ చరిత్రలో పోలిక ఉందని ప్రభుత్వమే చూపాలి. దీని ఫలితం వెంటనే కనిపించింది. గృహహింస కేసులో కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్న వ్యక్తికి తుపాకి ఉండరాదనే చట్టాన్ని, 18వ శతాబ్దంలో అలాంటి పోలిక లేదనే కారణంతో, ఒక అప్పీలు కోర్టు కొట్టివేసింది. భార్యలను రక్షించే చట్టాల కోసం ఆ శతాబ్దంలో వెదకడమే ఒక విడ్డూరం. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1తో ఆ చట్టాన్ని నిలబెట్టింది. చట్టానికి చరిత్రలో అచ్చుగుద్దిన పోలిక అక్కరలేదు, సూత్రం కలిస్తే చాలునని వివరణ ఇచ్చింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: బ్రూయెన్ తీర్పు కొట్టివేసిన న్యూయార్క్ నిబంధనకు, భారతదేశంలో లైసెన్సు ఇచ్చే పద్ధతికి పోలిక ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

ఎవరి స్వేచ్ఛ?

తుపాకి హక్కును సమర్థించేవారందరినీ ఒకే గాటన కట్టకూడదు. పోలీసులు చేరుకోవడానికి చాలాసేపు పట్టే మారుమూల పొలంలో ఒంటరిగా ఉండే స్త్రీకి ఆత్మరక్షణ అనేది పుస్తకాల్లోని మాట కాదు. మరో పార్శ్వం కూడా ఉంది. అంతర్యుద్ధం తరవాత దక్షిణాది రాష్ట్రాలు 'నల్లవారి చట్టాలు' పేరుతో విముక్తి పొందిన బానిసల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేశాయి. 1967లో బ్లాక్ పాంథర్లు కాలిఫోర్నియాలో బహిరంగంగా తుపాకులు పట్టి తిరిగాక, ఆ రాష్ట్రం గుండ్లు నింపిన తుపాకులను బహిరంగంగా ధరించడాన్ని నిషేధించింది. ఆ చట్టంపై సంతకం చేసిన గవర్నరు రోనాల్డ్ రీగన్. నియంత్రణ చట్టాలు ఎప్పుడూ బలహీనుల పక్షానే నిలిచాయని అనుకోవడానికి ఈ చరిత్ర ఒప్పుకోదు.

అయితే స్వేచ్ఛ తుపాకి పట్టినవాడిది ఒక్కడిదే కాదు. 2012లో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు బలయ్యారు. ఇప్పుడు అక్కడి బడుల్లో పిల్లలు గది తలుపులు వేసుకొని, దీపాలు ఆర్పి, చప్పుడు చేయకుండా దాక్కోవడం అభ్యాసం చేస్తారు. భయం లేకుండా బడికి వెళ్లడం కూడా స్వేచ్ఛే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్ పట్టణంలోని ఒక బారులో హైదరాబాదుకు చెందిన ఇంజనీరును జాత్యహంకారంతో కాల్చి చంపినప్పుడు, పిల్లలను అమెరికా పంపిన తెలుగు కుటుంబాలకు ఈ చర్చ ఒక్కసారిగా ఇంటి విషయమైంది.

సామూహిక కాల్పులు పతాక శీర్షికల్లో వస్తాయి కాబట్టి సమస్య అంతా అదేనని అనిపిస్తుంది. లెక్కలు వేరే సంగతి చెబుతాయి. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల చనిపోయినవారు 48,800 మందికి పైగా. వారిలో సగానికి మించి ఆత్మహత్యలు. తన మీద తానే ఎక్కుపెట్టుకున్న తుపాకి విషయంలో 'ఇతరులకు హాని' అనే గీటురాయి పనిచేయదు. ఒక గడ్డు రాత్రి గడిచిపోతే బతికి ఉండేవాడికి, చేతికందే దూరంలో తుపాకి ఉండడమా, లేకపోవడమా అన్నదే చావుబతుకుల తేడా కావచ్చు.

జాన్ స్టువర్ట్ మిల్ సిద్ధాంతం మీకు పరిచయమే. ఇతరులకు హాని కలగనంతవరకు వ్యక్తి స్వేచ్ఛలో రాజ్యం జోక్యం చేసుకోరాదన్నాడు. ఆయన 1859 నాటి 'ఆన్ లిబర్టీ' చివరి అధ్యాయంలో విషాల అమ్మకం గురించి చర్చించిన సంగతి విద్యార్థులు తరచుగా వదిలేస్తారు. విషానికి హత్యతో పాటు మంచి ఉపయోగాలూ ఉన్నాయి కాబట్టి అమ్మకాన్ని నిషేధించకూడదని ఆయన అభిప్రాయం. కాని సీసాపై ప్రమాద సూచన అతికించడం, కొన్నవారి పేరు, చిరునామా, తేదీ, పరిమాణం నమోదు చేయడం, ఎందుకు కొంటున్నారో అడిగి రాసుకోవడం స్వేచ్ఛకు భంగం కావన్నాడు. ఇవి కొనుగోలును ఆపవు, దుర్వినియోగం చేసినవాడు దొరకకుండా పోవడాన్ని ఆపుతాయి. తుపాకికి దీన్ని అన్వయిస్తే, మిల్ టెక్సాస్ దుకాణంలోనూ ఉండడు, నెల్లూరు కలెక్టరేటులోనూ ఉండడు. ప్రశ్న అడగమంటాడు, జవాబు నచ్చలేదని తిప్పి పంపమనడు.

భారతదేశం తీసుకున్న దారి

మన ఆయుధ చట్టానికి మూలం 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఉంది. దేశ భాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది. 1857 తిరుగుబాటు జ్ఞాపకం పాలకులకు ఇంకా పచ్చిగానే ఉంది. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు. అందుకే జాతీయోద్యమానికి ఆయుధ చట్టం ఒక అవమాన చిహ్నంగా కనిపించింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి పట్టుకుపోయింది తుపాకులనే. అహింసావాది అయిన గాంధీజీ సైతం 1930లో ఇర్విన్ ముందుంచిన పదకొండు కోర్కెల్లో ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సులు ఇవ్వడాన్ని చేర్చారు. 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధాలు ధరించే హక్కు చోటు చేసుకుంది.

మరి స్వాతంత్ర్యం వచ్చాక ఆ హక్కు ఏమైంది? 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. కరాచీ తీర్మానాన్నే గుర్తుచేశారు. డాక్టర్ అంబేద్కర్ వ్యతిరేకించారు. ఎవరు పడితే వారు బజారుకు వెళ్లి ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే రాజ్యం పరిపాలన ఎలా సాగించగలదన్నది ఆయన ప్రశ్న. పౌరుడి విషయంలో నొక్కి చెప్పవలసింది ఆయుధం పట్టే హక్కును కాదు, దేశానికి ఆపద వచ్చి రాజ్యం పిలిచినప్పుడు ఆయుధం పట్టే విధిని అని ఆయన వాదించారు. సవరణ వీగిపోయింది. అంతేకాదు, 19వ అధికరణం సమావేశ స్వేచ్ఛను ఇస్తూనే శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అనే షరతు పెట్టింది. రాజ్యాంగంలో పేరు పెట్టి రక్షణ పొందిన ఆయుధం ఒక్కటే: 25వ అధికరణం వివరణలో ఉన్న సిక్కుల కృపాణం. అది కూడా ఆయుధంగా కాదు, మతాచారంగా.

స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధ చట్టం చేసుకుంది. జాతి వివక్ష పోయింది, లైసెన్సు మిగిలింది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. కర్ణాటకలోని కొడవలకు లైసెన్సు నుంచి ఉన్న పాత మినహాయింపు ఇంకా కొనసాగుతోంది.

ఈ పద్ధతికి సొంత లోపాలున్నాయి. అధికారి సంతృప్తిపై ఆధారపడే అనుమతి పలుకుబడి గలవారికి సులభంగా దొరుకుతుంది. నిజంగా ప్రాణభయం ఉన్న పేదవాడికి దరఖాస్తు చేసే ధైర్యమే ఉండదు. దొంగతనంగా తయారయ్యే నాటు తుపాకులకు లైసెన్సుతో పనే లేదు. అయినా నిర్ణయించే అధికారం పూర్తిగా అధికారి ఇష్టానికి వదిలిన చట్టం కాదిది. లైసెన్సు నిరాకరిస్తే అధికారి కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని 14వ సెక్షన్ చెబుతుంది. దరఖాస్తుదారు అడిగితే వాటి సారాంశం ఇవ్వాలి, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదని అధికారి భావిస్తే తప్ప. ఆ నిర్ణయంపై 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. కారణం చూపవలసిన బాధ్యత, ఆ ఒక్క మలుపులో, పౌరుడి నుంచి ప్రభుత్వానికి మారుతుంది.